చలికాలంలో తక్కువ సామానుతో కొండల్లో బస: కోరాపుట్, రాయగడ, గజపతి జిల్లాలకు వెళ్లేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

సంక్రాంతి సెలవులు దగ్గరపడేసరికి రాయగడ, జయపురం, గుణుపురం, పర్లాకిమిడి తెలుగువాళ్ల నుంచి, ఘాటు దిగువన సాలూరు, పార్వతీపురం వాళ్ల నుంచి ఇంచుమించు ఒకే రకం ప్రశ్నలు వస్తుంటాయి. భుజాన ఒక్క సంచి, ఒకటి రెండు రాత్రులు, హోటలు గది లేదు, వెనకాల సామాను మోసే జీపు లేదు. అలా వెళ్లాలనుకునేవారి కోసమే ఈ జవాబులు. జీపు ఉన్నవారికి ఇందులో సగం అక్కర్లేదు.

మన వైపు కొండల్లో నిజంగా అంత చలి ఉంటుందా?

రాయగడలో ఇంటి అరుగు మీద కూర్చుని ఆలోచిస్తే ఉండదనే అనిపిస్తుంది. ఆ పట్టణం సముద్రమట్టానికి 200 మీటర్ల ఎత్తులోనే ఉంది మరి. కోరాపుట్ 870 మీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. పొట్టంగి వైపున్న దేవ్‌మాలి శిఖరం 1,672 మీటర్లు, ఒడిశాలో అంతకు మించిన ఎత్తు లేదు. వెయ్యి మీటర్లు పైకి వెళితే గాలి సగటున ఆరున్నర డిగ్రీలు చల్లబడుతుంది. ఈ లెక్కన రాయగడ వీధిలో 14 డిగ్రీలు ఉన్నప్పుడు దేవ్‌మాలి నెత్తిన నాలుగైదు ఉండాలి.

అయితే గాలి లేని నిర్మలమైన రాత్రి ఈ లెక్క తలకిందులవుతుంది. చల్లబడిన గాలి బరువెక్కి వాలు వెంట జారి లోయ అడుగున మడుగు కట్టినట్టు నిలిచిపోతుంది. తెల్లారేసరికి కొండ నడుము కన్నా లోయలోనే చలి ఎక్కువ. సెమిలిగుడ, పొట్టంగి లోయల్లో ఉదయం పొగమంచు పాల సముద్రంలా పరుచుకుని, పైన కొండలకు ఎండ తగలడానికి కారణం ఇదే. చూడడానికి ఎంత బాగుంటుందో, అందులో పడుకున్నవారికి అంత నరకం.

పగటి ఎండను నమ్మవద్దు. మధ్యాహ్నం చురుక్కుమంటుంది, చొక్కా తడుస్తుంది. డిసెంబరు చివర సాయంత్రం ఐదున్నరకల్లా పొద్దు గూకుతుంది, మళ్లీ ఎండ ముఖం చూసేది ఆరున్నర తరువాతే. అంటే రాత్రి పదమూడు గంటలు. మొదటిసారి వెళ్లేవారు చలికి సిద్ధపడి వస్తారు గానీ ఈ పొడవైన చీకటికి సిద్ధపడి రారు.

ఏ నెలలో వెళ్లాలి?

డిసెంబరు మధ్య నుంచి ఫిబ్రవరి మొదటి వారం వరకు. మన లెక్కలో ధనుర్మాసం మొదలు మాఘం తొలిరోజుల దాకా. మాఘమాసపు చలి మంటలో పడ్డా తీరదంటారు గానీ, ఈ కొండల మీద పుష్యమే ఎక్కువ కోస్తుంది.

అక్టోబరు, నవంబరు నెలల్లో పచ్చదనం చూసి టెంప్ట్ అవ్వకండి. అవి తుఫాన్ల నెలలు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ, రెండూ ఈ కొండల్ని తాకినవే. తిత్లీ వానల్లో గజపతి జిల్లా బరఘర దగ్గర గుహలో తలదాచుకున్నవారి మీద కొండచరియ విరిగిపడి పలువురు చనిపోయారు. వాన పడుతుంటే కొండవాలు గుహ కన్నా ఊరి బడి వరండా మేలని అందుకే చెబుతుంటాం. డిసెంబరులో కూడా అప్పుడప్పుడు వాయుగుండం వస్తుంది కాబట్టి బయలుదేరే ముందు వాతావరణ శాఖ హెచ్చరికలు చూసుకోవాలి.

ఫిబ్రవరి మధ్య దాటితే ఆకు రాలుతుంది, అడవి నేల ఎండు చెత్తతో నిండుతుంది, కార్చిచ్చుల కాలం మొదలవుతుంది. అప్పుడు ఈ రకం బసకు అడవి మంచిది కాదు.

తక్కువ సామాను అంటే ఎంత తక్కువ?

తిండి, నీళ్లు కాకుండా ఏడెనిమిది కిలోలు దాటకూడదు. పది దాటిందంటే సంచిలో భయం కూడా సర్దుకున్నారని అర్థం. మడత కుర్చీ, స్పీకరు, రెండో ప్యాంటు, మూడో టీషర్టు, ఎందుకైనా మంచిదని పెట్టుకున్న పెద్ద కత్తి ఇంట్లోనే ఉండనివ్వండి.

తగ్గించకూడనివి కొన్ని ఉన్నాయి. పడుకోవడానికి కిందవేసుకునే చాప, కప్పుకునేది, రాత్రికి మాత్రమే తొడిగే ఒక పొడి జత, ఉన్ని టోపీ, రెండు జతల మేజోళ్లు. తలకు కట్టుకునే లైటు, దానికి వేరే బ్యాటరీలు. పది పన్నెండు మీటర్ల తాడు, పలచని టార్పాలిన్, మూత ఉన్న చిన్న గిన్నె, రెండు లీటర్ల నీళ్లు పట్టే సీసాలు, ఈల, గాయాలకు కట్టు సామాను, మీరు రోజూ వేసుకునే మందులు. ఫోను సరే, కానీ చలికి దాని బ్యాటరీ తొందరగా నీరసిస్తుంది. రాత్రి దాన్ని దుప్పటి లోపల, ఒంటికి దగ్గరగా పెట్టుకోండి.

కొత్తగా కొనాల్సింది ఏమిటని అడుగుతారు. డబ్బు ఒక్కదాని మీదే పెట్టగలిగితే చాప మీద పెట్టండి. ఎందుకో కింద చెప్పాం.

దుప్పటి మందంగా ఉంటే చాలదా? చాప ఎందుకు?

చాలదు. పడుకున్నప్పుడు మీ కింద ఉన్న దుప్పటి ఒంటి బరువుకు నలిగి అట్టముక్క అవుతుంది. వెచ్చదనం ఇచ్చేది బట్ట కాదు, దానిలో చిక్కుకున్న గాలి. నలిగినచోట గాలి ఉండదు. నేల రాత్రంతా ఆ దారిన ఒంట్లో వేడిని లాగేసుకుంటుంది. పైన రెండు రగ్గులు కప్పుకుని కూడా వీపు జిల్లుమంటోందని లేచి కూర్చునేది ఇందుకే.

నీళ్లు పీల్చని మూసిన బుడగల ఫోమ్ చాప తేలిక, చవక, ముల్లు గుచ్చుకున్నా పనిచేస్తుంది. గాలి ఊదే పరుపు మెత్తగా ఉంటుంది గానీ రేగుముల్లు ఒక్కటి చాలు దాని పని ముగించడానికి. ఈ అడవుల్లో రేగుకంపకు కొదవ లేదు.

చాప సరిపోదనిపిస్తే మన ప్రాంతం ఇచ్చే ఉపాయం ఒకటి ఉంది. డిసెంబరు, జనవరిలో కోతలు అయిపోయి కళ్లాల దగ్గర వరిగడ్డి ఉంటుంది. ఊరి పక్క పొలంలో బస అయితే రైతును అడిగి, డబ్బిచ్చి, నాలుగు మోపులు తెచ్చుకోవచ్చు. మూరెడు ఎత్తు పరిస్తే మీరు పడుకున్నాక జానెడు కూడా మిగలదు, కాబట్టి పిసినారితనం వద్దు. ఎండలో ఆరినదే తీసుకోవాలి. పాత వాము అడుగున ఉన్నదాంట్లో ఎలుకలు, పురుగులు చేరి ఉంటాయి. గడ్డి మీద పట్టా పరిచి దానిపైన చాప వేయండి. తెల్లారాక గడ్డి దులిపి తిరిగి ఇచ్చేయాలి, అది వాళ్ల పశువుల మేత.

అడవిలో గుగ్గిలం ఆకులు పోగు చేసి పరుచుకోవడం మాత్రం వద్దు. ఆకు మెత్తలో ఏమి దాగుందో చీకట్లో తెలియదు. చిగ్గర్ అనే సన్నని పురుగు సంగతి చివర్లో ఉంది.

స్లీపింగ్ బ్యాగు కొనాలా, గొంగళి చాలా?

గొంగళి మంచిదే. కొంచెం తడిసినా వెచ్చదనం పూర్తిగా పోదు, నిప్పురవ్వ పడినా కరగదు. బరువు మాత్రం భుజానికి తెలుస్తుంది. నడక రెండు మూడు కిలోమీటర్లే అయితే గొంగళి, ఎక్కువైతే స్లీపింగ్ బ్యాగు.

బ్యాగు కొనేటప్పుడు అట్ట మీద పెద్ద అక్షరాల్లో వేసిన అంకె చూసి మురిసిపోకండి. చాలాసార్లు అది ప్రాణం నిలబడే కనిష్ఠం, నిద్ర పట్టే ఉష్ణోగ్రత కాదు. సుఖంగా పడుకునే ఉష్ణోగ్రతను విడిగా రాస్తారు, అది ఐదు డిగ్రీలు లేదా అంతకన్నా తక్కువ ఉంటే మన కొండలకు సరిపోతుంది. ఉన్నవాటితోనే వెళ్లాలంటే ఒక మందపాటి రగ్గు కన్నా రెండు పలచనివి నయం, మధ్యలో గాలి పొర నిలుస్తుంది.

గుడారం లేకుండా టార్పాలిన్ కింద పడుకోవచ్చా?

పడుకోవచ్చు, నిజానికి చలికాలంలో అదే తేలిక. వాన బెడద తక్కువ, దోమలు కూడా పైభాగాల్లో తగ్గుతాయి. టార్పాలిన్ అసలు పని మంచు నుంచి కాపాడడం. నిర్మలమైన రాత్రి ఆకాశం వైపు తెరిచి ఉన్న ప్రతి వస్తువూ వేడిని పైకి వదిలేసి గాలి కన్నా చల్లబడుతుంది, దాని మీద మంచు కురుస్తుంది. దుప్పటి మీద నేరుగా కురిస్తే తెల్లారుజామున మూడింటికే పైపొర తడిసిపోతుంది. పైన ఏదో ఒక కప్పు ఉంటే, అది చెట్టు కొమ్మైనా సరే, ఈ నష్టం బాగా తగ్గుతుంది.

రెండు చెట్ల మధ్య నడుం ఎత్తున తాడు కట్టి టార్పాలిన్‌ను దాని మీదుగా వేసి, గాలి వచ్చే వైపు అంచును నేలకు ఆనించి రాళ్లు పెట్టండి. రెండు చివరలూ తెరిచే ఉంచాలి. చలేస్తోందని అన్ని వైపులా మూసేస్తే తెల్లవారుజామున టార్పాలిన్ లోపలి వైపు వేలితో గీసి చూడండి, నీటి గీత పడుతుంది. అది బయటి మంచు కాదు, మీ ఊపిరిలోని తేమే. గుడారంలో అయినా సంగతి ఇంతే. ముక్కు, నోరు దుప్పటి లోపల పెట్టుకుని పడుకునే అలవాటున్నవారు కూడా ఇలాగే లోపలి నుంచి తడుస్తారు. తలకు టోపీ పెట్టుకుని ముఖం బయట ఉంచండి.

ఎక్కడ పడుకోవాలి?

లోయ అడుగున కాదు, కొండ కొసన కాదు. అడుగున చల్లగాలి నిలుస్తుంది, కొసన గాలి కోస్తుంది. వాలు మధ్యలో మెట్టులా సమంగా ఉన్న చోటు, తూర్పు ముఖంగా ఉంటే ఉదయం ఎండ ముందే తగులుతుంది. వాగుకు కనీసం 60 మీటర్ల దూరం, అటు చలీ తగ్గుతుంది, నీళ్లకు వచ్చే జంతువులకు అడ్డమూ రారు. పైకి తలెత్తి ఎండుకొమ్మ వేలాడుతోందేమో చూడండి. నేల మీద గడ్డి నలిగి సన్నని బాట కనిపిస్తే అది మీకోసం వేసింది కాదు.

దేవ్‌మాలి గురించి విడిగా ఒక మాట. పైదాకా రోడ్డు ఉంది, సెలవు రోజుల్లో వాహనాలు బారులు తీరతాయి. గడ్డిమైదానం కావడంతో గాలికి అడ్డం లేదు. సూర్యోదయానికి వెళ్లి చూడవలసిన చోటే తప్ప, తొలి రాత్రికి పడుకోవలసిన చోటు కాదని మా అభిప్రాయం.

అనుమతి ఎవరి దగ్గర తీసుకోవాలి?

నేల ఎవరిదన్న దాన్ని బట్టి. రిజర్వు అడవి అయితే ఆ డివిజన్ అటవీ అధికారి కార్యాలయంలో అడగాలి. అభయారణ్యం అయితే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా లోపలికి వెళ్లడమే నేరం. సులువైన దారి కావాలంటే ఒడిశా అటవీ శాఖ నడిపే ప్రకృతి శిబిరాల్లో ముందుగా బుక్ చేసుకుని ఒక రాత్రి గడపండి. సామాను తగ్గించే సరదా అక్కడ తీరకపోవచ్చు, కానీ చలి ఎలా ఉంటుందో తెలుస్తుంది.

మేము ఎక్కువగా సలహా ఇచ్చేది ఊరికి ఆనుకున్న పొలం, మిట్ట. అక్కడ ఊరి పెద్దను అడగాలి. చీకటి పడ్డాక కాదు, మధ్యాహ్నమే. కొన్ని తోపులు, రాళ్లు దేవతలవి, చూడడానికి మామూలు చెట్లలాగే ఉంటాయి. ఎక్కడ పడుకోవద్దో ముందు అడగండి, ఎక్కడ పడుకోవాలో వాళ్లే చూపిస్తారు. మనుషుల్ని, ఇళ్లను అడగకుండా ఫొటోలు తీయడం మానుకోండి.

దగ్గరలోని పోలీసు స్టేషనులో పేరు, ఫోను నంబరు, ఎన్ని రాత్రులు ఉంటారో చెప్పి వెళ్లడం తప్పనిసరి అనుకోండి. మల్కనగిరి, కోరాపుట్ సరిహద్దు అడవులు ఏళ్ల తరబడి మావోయిస్టులూ భద్రతా బలగాలూ తిరిగిన నేల. రాత్రిపూట అడవిలో కనిపించిన లైటు ఎవరిదన్న అనుమానం రాకూడదు.

పొట్టంగి పక్కనున్న కొటియా గ్రామాలది ఇంకో చిక్కు. ఇరవై ఒక్క ఊళ్ల కోసం ఒడిశా, ఆంధ్రప్రదేశ్ దశాబ్దాలుగా తగువులాడుకుంటున్నాయి. రెండు ప్రభుత్వాల బోర్డులూ, రెండు ప్రభుత్వాల పథకాలూ అక్కడ కనిపిస్తాయి. అటువైపు వెళితే ఎవరి అనుమతి అన్న ప్రశ్నకు సూటి జవాబు లేదు. బస మరోచోట చూసుకోవడమే సుఖం.

చలిమంట వేసుకోకపోతే ఎలా?

ఈ ప్రశ్న అందరూ అడుగుతారు, మా జవాబు ఎవరికీ నచ్చదు. అడవిలో మంట వద్దు. రిజర్వు అడవిలో నిప్పు రాజేయడం ఒడిశా అటవీ చట్టం, 1972 కింద నేరం. చట్టం సంగతి పక్కన పెట్టినా, నెగడు వెచ్చదనం ముందువైపుకే. వీపు చలికే ఉంటుంది, మంట ఆరగానే రెట్టింపు చలి. రాత్రంతా కట్టె వేస్తూ కూర్చుంటే నిద్ర ఎప్పుడు? ఊరి వాకిట్లో వాళ్లే మంట వేసి పిలిస్తే హాయిగా వెళ్లి కూర్చోండి, భోగినాడైతే మరీ మంచిది.

గుడారంలో గానీ, మూసిన టార్పాలిన్ కింద గానీ బొగ్గుల కుంపటి పెట్టుకోవడం ప్రాణాంతకం. బొగ్గు సరిగా మండక కార్బన్ మోనాక్సైడ్ వెలువడుతుంది. రంగు లేదు, వాసన లేదు, నిద్రలోనే మనిషి పోతాడు. ప్రతి చలికాలం ఇలాంటి వార్తలు చదువుతూనే ఉన్నాం.

మంటకు బదులు వేడినీళ్లు. పడుకునే ముందు చిన్న గ్యాస్ స్టవ్వు మీద, ఒట్టి బండ చూసుకుని, నీళ్లు కాచి, మూత గట్టిగా పట్టే స్టీలు సీసాలో పోసి, దాన్ని మేజోడులో దూర్చి తొడల మధ్య పెట్టుకోండి. అర్ధరాత్రి దాటాక కూడా గోరువెచ్చగానే ఉంటుంది. తెల్లారి అవే నీళ్లు టీకి పనికొస్తాయి.

నీళ్లు దొరుకుతాయా? నేరుగా తాగవచ్చా?

జనవరిలో చాలా వాగులు పారుతూనే ఉంటాయి. పైభాగం బల్లపరుపుగా ఉన్న బాక్సైటు కొండలు వాననీటిని ఇంకించుకుని ఏడాది పొడవునా ఊటలుగా వదులుతాయి. దమన్‌జోడి దగ్గర పంచపట్మాలి లాంటి కొండల చుట్టూ ఊళ్లు వెలిసింది ఈ ఊటల్ని నమ్ముకునే. లోయల్లో ఝోలా అని పిలిచే మెట్ల వరిమళ్లకూ అవే ఆధారం.

నేరుగా తాగవద్దు. నీరు తేటగా ఉన్నంత మాత్రాన మంచిది కాదు, పై మడిలో గేదెలు ఉండి ఉండవచ్చు. బాగా తెర్లేలా ఒక నిమిషం మరిగించండి, ఈ ఎత్తుకు అది చాలు. క్లోరిన్ మాత్రలైతే చల్లటి నీటిలో పని చేయడానికి ఎక్కువసేపు పడుతుంది, అట్ట మీద చెప్పినదానికన్నా ఇంకాస్త ఆగండి. చలిలో దాహం తెలియదు, కానీ ఒంటికి నీళ్లు కావాలి. రాత్రి లేవాల్సి వస్తుందని నీళ్లు మానేసేవారు తెల్లారి తలనొప్పితో లేస్తారు.

తిండి ఏమి పట్టుకెళ్లాలి?

వండేది తక్కువ, బలం ఎక్కువ. అటుకులు, బెల్లం, వేయించిన వేరుశనగలు, నువ్వుండలు, రాగిపిండి. సంక్రాంతి రోజులైతే ఇంట్లో అరిసెలు ఎలాగూ ఉంటాయి. బెల్లం, బియ్యప్పిండి, నూనె కలిసిన అరిసె చలిరాత్రికి చేసిపెట్టినట్టే ఉంటుంది, పైగా పాడవదు. పడుకునే ముందు రెండు తినండి. కడుపులో అరిగే తిండి ఉంటే ఒళ్లు వేడి పుట్టిస్తూ ఉంటుంది, ఆకలితో పడుకుంటే ఏ దుప్పటీ చాలదు.

బస రోజును సంతరోజుకు కలిపితే ఇంకా బరువు తగ్గుతుంది. సెమిలిగుడకు దగ్గరలో కుందులి సంత శుక్రవారం, రాయగడ జిల్లాలో చాటికొన సంత బుధవారం. టమాటాలు, చిలగడదుంపలు, అల్లం, రాగులు అక్కడే కొనుక్కోవచ్చు. ఆకు దొన్నెలు కూడా అమ్ముతారు, కంచం మోయనక్కర్లేదు, కడగనక్కర్లేదు.

ఎలుగుబంట్లు, ఏనుగులు?

ఈ ప్రాంతంలో పులి గురించి అడిగేవారే ఎక్కువ. నిజంగా జాగ్రత్తపడాల్సింది ఎలుగుబంటితో. దానికి కంటిచూపు అంతంత మాత్రం. అలికిడి లేకుండా దగ్గరికి వెళితే బెదిరి మీద పడుతుంది. చీకటి పడే వేళ, తెల్లారే వేళ నడక పెట్టుకోవద్దు. పొదల మధ్య నడిచేటప్పుడు గట్టిగా మాట్లాడుతూ వెళ్లండి, చెవుల్లో పాటలు పెట్టుకుని కాదు.

మన పిల్లలకు భోగిపళ్లు పోసే రోజుల్లోనే అడవిలో రేగుపళ్లు పండుతాయి, ఎలుగుకు అవి మహా ఇష్టం. రేగుకంపల దగ్గర బస పెట్టవద్దు. చెదపుట్ట పక్కకు చీల్చి ఉండి, మట్టి ఇంకా తడిగా, గోటి చారలు పదునుగా కనిపిస్తే అది రాత్రి జరిగిన పని. పెంటలో రేగుగింజలు కనిపించినా అంతే. చోటు మార్చండి. ఎదురుపడితే పరుగెత్తకండి, దానికి దారి వదిలి, ముఖం అటే ఉంచి మెల్లగా వెనక్కి జరగండి. తిండి సంచి తల పక్కన పెట్టుకుని పడుకోకుండా దూరంగా కొమ్మకు కట్టండి.

ఏనుగులు గజపతి జిల్లా లఖారి లోయ అభయారణ్యం వైపు నుంచి సరిహద్దు దాటి పార్వతీపురం మన్యం దాకా వచ్చినవి ఉన్నాయి. గుణుపురం, పర్లాకిమిడి వైపు వెళ్లేవారు ఏ రోజు ఎక్కడున్నాయో అటవీ సిబ్బందిని, ఊరివారిని అడగాలి. ఉన్నాయని చెబితే ఆ రాత్రి బస రద్దు. చర్చ లేదు.

భాష సమస్య అవుతుందా?

పట్టణాల్లో, బస్టాండుల్లో, సంతల్లో తెలుగుతో నడిచిపోతుంది. కొండ మీద ఊళ్లలో దేశియా ఒడియా, కువి, గుణుపురం, గజపతి వైపు సవర వినిపిస్తాయి. పాణి అంటే నీళ్లు, భాలు అంటే ఎలుగుబంటి, హాతి అంటే ఏనుగు. ఈ మూడు చెవిలో పడితే ఆగి వినండి.

చలి ఒంటికి పట్టిందని ఎలా తెలుస్తుంది?

పది డిగ్రీలకు మనిషి గడ్డకట్టడని చాలామంది ధీమా. తడిబట్టతో, గాలిలో, ఆకలితో ఉంటే పది డిగ్రీలు కూడా ప్రమాదమే. మొదట ఆగని వణుకు. తరువాత చేతివేళ్లు మొద్దుబారి సంచి జిప్పు తీయలేకపోవడం, మాట ముద్దగా రావడం, అడిగినదానికి పొంతన లేని జవాబు. వణుకు ఆగిపోయి మనిషి మగతగా అయ్యాడంటే కుదుటపడ్డాడని కాదు, పరిస్థితి చేయి దాటుతోందని.

తడిబట్టలు తీసి పొడివి తొడగండి, కింద చాప వేయండి, తల కప్పండి, మింగగలిగితే వేడిగా తీయగా ఏదైనా తాగించండి. చేతులు కాళ్లు గట్టిగా రుద్దవద్దు. మగత వస్తే ఆలస్యం చేయకుండా కిందికి దించి 108కి ఫోను చేయాలి. కొండ ఎక్కిన చెమట చొక్కాను ఆగగానే మార్చేస్తే ఇదంతా రాదు. నూలు బట్ట ఒకసారి తడిస్తే రాత్రి ఆరదు.

ఊళ్లో ఆప్యాయంగా ఇప్పసారా పోస్తారు. వెచ్చగా ఉన్నట్టే అనిపిస్తుంది, కారణం చర్మం దగ్గరి రక్తనాళాలు వెడల్పై ఒంట్లో వేడి బయటికి పోవడం. దండం పెట్టి వద్దనండి, ఏమీ అనుకోరు.

కాలకృత్యాలు, చెత్త?

నీటికి 60 మీటర్ల దూరంలో జానెడు లోతు గుంట తీసి, మట్టి కప్పాలి. టిష్యూలు, ప్యాడ్లు, ప్లాస్టిక్ కవర్లు సంచిలో వెనక్కి.

ఎలా చేరుకోవాలి? ఒక్కరే వెళ్లవచ్చా?

సాలూరు నుంచి సుంకి ఘాటు మీదుగా పొట్టంగి, సెమిలిగుడ, కోరాపుట్‌లకు జాతీయ రహదారి 26 ఉంది. భువనేశ్వర్, జగదల్‌పూర్ మధ్య తిరిగే హిరాఖండ్ ఎక్స్‌ప్రెస్ రాయగడ, కోరాపుట్, జయపురంలలో ఆగుతుంది. ఒక తికమక ఉంది: అరకు దారిలో కొత్తవలస–కిరండూల్ లైను మీద వచ్చే శిమిలిగుడ స్టేషను వేరు, కోరాపుట్ జిల్లా సెమిలిగుడ పట్టణం వేరు. అలాగే మహేంద్రగిరి ఉన్న రాయగడ గజపతి జిల్లాలో ఒక బ్లాకు, రాయగడ జిల్లా కేంద్రం కాదు. టికెట్టు తీసేముందు చూసుకోండి. ఘాటులో పొగమంచు ఉంటుంది కాబట్టి రాత్రి బస్సు వద్దు.

మొదటిసారి ఒక్కరే వద్దు. ముగ్గురైతే బాగుంటుంది. ఒకరికి కాలు బెణికితే ఒకరు తోడుంటారు, ఒకరు కిందికి వెళ్లి మనుషుల్ని తెస్తారు. ఆ ముగ్గురూ ముందు ఎవరి ఇంటి డాబా మీదైనా జనవరి రాత్రి అవే చాపలు, అవే దుప్పట్లతో పడుకుని చూడాలి. డాబా మీద చలేసిందంటే దేవ్‌మాలి దగ్గర నిద్ర కల్ల.

తిరిగి వచ్చాక జ్వరం వస్తే?

జలుబు జ్వరమే అని రెండు మాత్రలు మింగి ఊరుకోవద్దు. ఈ జిల్లాల్లో మలేరియా పాత కాపు, అందులోనూ మెదడుకు ఎక్కే ఫాల్సిపారం రకం. దోమ కుట్టిన వారం పది రోజుల నుంచి నెల వరకు ఎప్పుడైనా బయటపడవచ్చు. ఊళ్లో ఉండగానే జ్వరం వస్తే ఆశా కార్యకర్త దగ్గర వేలి నుంచి రక్తపు చుక్క తీసి పరీక్షించే కిట్టు ఉంటుంది.

రెండోది స్క్రబ్ టైఫస్. పొదల్లో, గడ్డిలో ఉండే చిగ్గర్ పురుగు కుట్టడం వల్ల వస్తుంది. ఆరు రోజుల నుంచి మూడు వారాల లోపు జ్వరం, తలనొప్పి, ఒళ్లు నొప్పులు. కుట్టినచోట సిగరెట్టుతో కాల్చినట్టు నల్లని చెక్కు కట్టవచ్చు. అది చంకలోనో, గజ్జల్లోనో, నడుం పట్టీ కిందనో ఉంటుంది, నొప్పి ఉండదు కాబట్టి వెతికితేనే కనిపిస్తుంది. డాక్సీసైక్లిన్‌తో తగ్గే జబ్బే, ఆలస్యమైతే మాత్రం ఊపిరితిత్తులు, మూత్రపిండాలు దెబ్బతింటాయి. అందుకని వైద్యుడి దగ్గర కూర్చోగానే ఏ జిల్లాలో, ఏ తేదీన, నేల మీద పడుకున్నారో చెప్పి, మలేరియాతో పాటు దీనికీ పరీక్ష చేయమని అడగండి.